ఏది మేలు: సముద్రమా, పొగబండా, మఠమా, కాటేజీ వెనక గుట్టా?

లీడ్స్, మిడిల్స్‌బరో, న్యూకాజిల్ వంటి ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలకు, వేసవిలో తల్లిదండ్రులో అత్తమామలో ఇండియా నుంచి వచ్చినప్పుడు, కారులో పెద్దగా అలసిపోకుండా తీసుకువెళ్ళగల చోట్లలో నార్త్ యార్క్ మూర్స్ ఒకటి. మూర్ అంటే చెట్లు పెద్దగా పెరగని, గాలి ఆగని, ఎత్తయిన బీడు. కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నల్లటి పీట్ నేల మీద మోకాలి ఎత్తు హెదర్ పొదలు, వాటి మధ్య మేసే గొర్రెలు, అంతకు మించి కంటికి అడ్డం వచ్చేది ఏదీ ఉండదు. 1952లో నేషనల్ పార్కుగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం 1,436 చదరపు కిలోమీటర్లు. ఆ బీడును అక్కడక్కడా చీల్చుకుంటూ పచ్చటి లోయలు పోతాయి. ఊళ్ళు, రాతి ఇళ్ళు, మనం అద్దెకు తీసుకునే కాటేజీలు దాదాపు అన్నీ ఆ లోయల్లోనే ఉంటాయి.

కిందటి ఆగస్టులో మేము రోజ్‌డేల్ లోయలో అలాంటి ఒక కాటేజీ మూడు రాత్రులకు తీసుకున్నాము. మాతో కాకినాడ నుంచి వచ్చిన మామయ్యగారు, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు ఉన్నారు. అక్కడికి వెళ్ళే ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్నే మాకూ ఎదురైంది. చూడవలసినవి నాలుగు, చేతిలో ఉన్నవి రెండే పూర్తి రోజులు. తూర్పున సముద్రపు ఒడ్డున విట్బీ పట్టణం, దక్షిణాన పికరింగ్ నుంచి బయలుదేరే పొగబండి, పడమటి వైపు రీవో అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు, ఇంటి వెనకనే గుట్ట మీద పాత రైలు దారి. కారులో ఇవేవీ దూరం కావు, గంటలోపు అన్నిటికీ చేరవచ్చు. అందుకే చాలామంది రోజుకు రెండేసి పెట్టుకుని, లోయల్లోని సన్నటి దారుల్లో ఎదురుబండికి వెనక్కి జరుగుతూనే సెలవంతా గడిపేస్తారు. ఆ పొరపాటు వేరొకరు చేయకూడదనే నా తాపత్రయం.

ఎక్కువమంది ముందుగా ఎంచుకునేది విట్బీ కనుక దానితోనే మొదలుపెడతాను. ఆ పట్టణానికి పేరు ఊరికే రాలేదు. క్రీ.శ. 657లో స్థాపించిన అక్కడి మఠానికి హిల్డ్ అనే మహిళ అధిపతిగా ఉండగా, 664లో ఈస్టర్ పండుగ ఏ రోజున జరుపుకోవాలన్న వివాదాన్ని తేల్చడానికి ఉత్తర ఇంగ్లండు చర్చి పెద్దలు అక్కడే సమావేశమయ్యారు. పేరుమోసిన నావికుడు కెప్టెన్ కుక్ కుర్రవాడిగా ఓడపని నేర్చుకున్నది ఈ రేవులోనే. ఆయన పసిఫిక్ మహాసముద్రానికి తీసుకువెళ్ళిన ఎండెవర్ ఓడ కూడా బొగ్గు మోయడానికని ఈ ఊళ్ళోనే తయారయింది. కొండ మీది మఠానికి 199 మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు దిగులు పడనక్కరలేదు, కొండ మీద వరకూ కారులో వెళ్ళే దారి వేరే ఉంది.

విట్బీలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసినవి జెట్ నగల దుకాణాలు. జెట్ అంటే రాయి అనుకుంటాము కానీ, అది దాదాపు 18 కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో మునిగిన చెట్ల మాను, బొగ్గులాగా మారి గట్టిపడినది. దుకాణదారు ఒక నల్లటి పూసను అత్తయ్యగారి అరచేతిలో పెట్టినప్పుడు, బరువుగా చల్లగా ఉంటుందనుకున్న ఆవిడ ఒక్కసారి చేయి ఎత్తి చూసుకున్నారు. అది చింతగింజంత తేలికగా, ఒంటి వెచ్చదనంతో ఉంది. 1861లో భర్త ఆల్బర్ట్ యువరాజు చనిపోయాక విక్టోరియా రాణి ఆ నల్ల నగలే ధరించడంతో దేశమంతా దానికి గిరాకీ పెరిగిందని చెప్పగానే, మన దగ్గర వితంతువు నగలు తీసేస్తే వీళ్ళు దుఃఖానికి వేరే నగ చేయించుకున్నారన్న మాట అని ఆవిడ చాలాసేపు ఆలోచనలో పడ్డారు.

అయితే విట్బీకి వెళ్ళే తెలుగువారు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. యార్క్‌షైర్‌లో చేపలూ చిప్సూ వేయించడానికి చాలా దుకాణాలు సంప్రదాయంగా గొడ్డు కొవ్వు వాడతాయి. చేప తినము, చిప్స్ మాత్రమే తింటామని శాకాహారులు కొనుక్కునే పొట్లం కూడా ఆ కొవ్వులోనే వేగి ఉండవచ్చు. మేము ఒక దుకాణంలో వరసలో చాలాసేపు నిలబడి, డబ్బు కూడా చెల్లించాక, గోడ మీది చిన్న అక్షరాలు చదివి వెనక్కి తిరిగాము. ఆ రోజు మమ్మల్ని కాపాడింది డబ్బాలో ఉన్న పులిహోరే. నూనెలో వేయించే దుకాణాలూ ఉన్నాయి, కానీ వరసలో నిలబడక ముందే అడగాలి. ఆగస్టులో కారు నిలపడానికి చోటు దొరకకపోవడం, రేవు పక్కన భుజాలు రాసుకుంటూ నడవవలసి రావడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాబిన్ హుడ్స్ బే అనే పక్క ఊరు అందమైనదే కానీ నిట్టనిలువు వీధి, పెద్దవాళ్ళతో వెళ్ళవలసినది కాదు.

పొగబండి విషయానికి వస్తే, విట్బీకి కారులో పోవడం కన్నా దానిలో పోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. పికరింగ్ నుంచి గ్రోస్‌మాంట్ వరకు 18 మైళ్ళ ఈ దారిని తొలినాటి రైలు ఇంజనీరు జార్జ్ స్టీఫెన్సన్ వేశాడు. 1836లో మొదలైనప్పుడు పెట్టెలను గుర్రాలు లాగేవి. 1965లో మూతపడిన దారిని, రైలంటే ప్రాణం పెట్టే స్థానికులు చందాలు వేసుకుని, శ్రమదానం చేసి 1973లో మళ్ళీ తెరిపించారు. ఇప్పటికీ ఎక్కువ పనులు చేసేది స్వచ్ఛంద సేవకులే. కొన్ని బండ్లు గ్రోస్‌మాంట్ దాటి విట్బీ దాకా పోతాయి కనుక, పికరింగ్‌లో కారు వదిలి ఎక్కితే కారు నిలిపే తిప్పలు తప్పుతాయి, సముద్రమూ దక్కుతుంది. తిరుగుదారిలో గ్రోస్‌మాంట్ నుంచి గోత్‌లాండ్ వైపు ఎక్కేటప్పుడు 49 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతుంది. ఆ చోట ఇంజన్ రొప్పే చప్పుడు పెట్టె అడుగు నుంచి పాదాలకు తెలుస్తుంది. బొగ్గు పొగ లోపలికి రాగానే మామయ్యగారు కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు సామర్లకోట జంక్షన్‌లో ఇదే వాసన అన్నారు. ఆయనను ఈ దేశం మొత్తంలో అంత సంతోషంగా నేను చూడలేదు.

లోపాలు లేకపోలేదు. నలుగురైదుగురికి టిక్కెట్ల ఖర్చు తక్కువేమీ కాదు. శీతాకాలంలో చాలా రోజులు బండ్లు నడవవు. వానలు లేక హెదర్ ఎండిపోయిన వేసవిలో నిప్పురవ్వలకు మూర్ అంటుకుంటుందన్న భయంతో ఆవిరి ఇంజన్ తీసి డీజిలు ఇంజన్ పెడతారు. అందుచేత ఏ రోజు ఏ ఇంజన్ వస్తుందో చూసుకునే బయలుదేరాలి. పైగా రైలు ఎక్కువ దూరం లోయ అడుగునే పోతుంది. దానిలో ఎక్కి మూర్ చూశామనుకుంటే అది సగం మాటే.

రీవో మఠం గురించి క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. 1132లో ఫ్రాన్సు నుంచి వచ్చిన, సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సన్యాసులు రై నది లోయలో కట్టుకున్న మఠం ఇది. అయెల్‌రెడ్ అధిపతిగా ఉన్న రోజుల్లో 140 మంది సన్యాసులతో, అంతకు మూడు రెట్లకు పైగా పనివారితో కళకళలాడి, 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మూయించేనాటికి రెండు డజన్ల మంది సన్యాసులైనా లేని స్థితికి వచ్చింది. చర్చి సాధారణంగా తూర్పు ముఖంగా ఉండాలి. లోయ ఇరుకు వల్ల ఇక్కడ దాదాపు ఉత్తర దక్షిణాలుగా కట్టారు. పైకప్పు లేని ఆ ఎత్తయిన కమానుల కింద గడ్డి మీద నడుస్తుంటే హంపీ చూసినవారికి మనసు అటు పోతుంది. మెట్లు తక్కువ, రద్దీ తక్కువ, పెద్దలకు అనుకూలం. పిల్లలు మాత్రం గంట దాటాక విసుగు పడతారు. నాలుగింటిలో నేను చివరన పెట్టేది దీన్నే, కానీ దీనికొక ప్రత్యేక ప్రయోజనం ఉంది. వాతావరణం గురించి చెప్తే అదేమిటో తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో ఏ రోజు ఎటు పోవాలో తేల్చేది మన ఇష్టం కన్నా ఎక్కువగా గాలి. తూర్పు గాలి వీచే రోజున, ముఖ్యంగా వసంతంలోనూ వేసవి మొదట్లోనూ, చల్లటి ఉత్తర సముద్రం మీదుగా వచ్చే తేమ మంచుగా మారి ఒడ్డును కప్పేస్తుంది. దాన్ని అక్కడివారు ఫ్రెట్ అంటారు. అదే సమయంలో లోపలి లోయల్లో ఎండ కాస్తూ ఉండవచ్చు. పడమటి గాలి వీచే రోజున పరిస్థితి తారుమారై, వాన మొదట గుట్టల మీద కురుస్తుంది, ఒడ్డు కొంత పొడిగా ఉంటుంది. కనుక తూర్పు గాలి ఉంటే రీవోకు, పడమటి గాలితో మబ్బు పట్టి ఉంటే రైలెక్కి విట్బీకి పోవాలి. గుట్టల మీది మబ్బు కిందికి దిగిన రోజున మూర్ మీద పది గజాల అవతల ఏముందో కనిపించదు. అందువల్లనే, ఉన్న రెండు రోజుల్లో తెల్లవారగానే ఆకాశం తేటగా కనిపించిన రోజు ఏదైతే అది గుట్టకే ఇవ్వాలంటాను. మిగిలిన మూడూ మబ్బులోనూ కొంత దక్కుతాయి, గుట్ట దక్కదు.

ఇక ఆ గుట్ట. రోజ్‌డేల్‌లో ఇనుప ఖనిజం తవ్విన రోజుల్లో దాన్ని తరలించడానికి 1861లో లోయ పైఅంచు వెంబడి రైలు వేశారు, 1929లో ఎత్తివేశారు. పట్టాలు పోయాయి, దారి మిగిలింది. గొప్ప సౌకర్యమేమిటంటే, రైలు నడిచిన దారి కనుక అది చదునుగా ఉంటుంది. వెయ్యి అడుగులకు పైగా ఎత్తున, రెండు వైపులా మూర్ పరుచుకున్న చోట, చేతికర్ర పట్టుకున్న అత్తయ్యగారు ఎక్కడా ఎగశ్వాస లేకుండా మైలు దూరం నడిచారు. అక్కడికి చేరుకోవడమే కష్టం. ఊరి నుంచి పైకి పోయే చిమ్నీ బ్యాంక్ రోడ్డు కొన్నిచోట్ల మూడడుగులకు ఒక అడుగు లేస్తుంది, మొదటి గేరులోనే ఎక్కాలి, దిగేటప్పుడు బ్రేకు మీద భారం వేయకుండా గేరుతోనే ఆపుకుంటూ దిగాలి. పైన బ్యాంక్ టాప్ దగ్గర, ఖనిజాన్ని కాల్చి బరువు తగ్గించిన బట్టీల రాతి కమానులు వరసగా నిలిచి ఉన్నాయి.

ఆగస్టు మొదటి వారాల నుంచి సెప్టెంబరు మొదలు వరకు అక్కడ హెదర్ పూస్తుంది. దూరానికి కొండంతా ఊదారంగు కంబళి కప్పినట్టు ఉంటుంది. దగ్గర కూర్చుని ఒక రెమ్మను చూస్తే, బియ్యపు గింజ కన్నా చిన్న పూలు కట్టెపుల్ల లాంటి కాడ చుట్టూ ఒత్తుగా అంటుకుని ఉంటాయి, ముట్టుకుంటే పుప్పొడి వేళ్ళకు అంటుతుంది. ఆ నెలలో తేనె పెంపకందార్లు పెట్టెలను బండ్ల మీద తెచ్చి మూర్ అంచున పెడతారు. హెదర్ తేనె సీసాను వంచినా జారదు. కదిపితే పలచబడుతుంది, వదిలేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. అత్తయ్యగారు చెంచాతో తీసి చూసి, ఇది తేనెలా లేదు, జున్నులా ఉంది అన్నారు.

పిల్లలకు నచ్చినది పక్షి. పొదల్లోంచి ఎగిరిన రెడ్ గ్రౌస్ కూత, ఇంగ్లీషులో వెనక్కి పో, వెనక్కి పో అన్నట్టే వినిపిస్తుంది. వాళ్ళు దానితో అరగంట వాదులాడారు. ఆగస్టు 12 నుంచి ఆ పక్షుల వేట మొదలవుతుంది కనుక అక్కడ పెట్టిన బోర్డులు చదవాలి, దారి వదలకూడదు. నిజానికి ఆ వేట కోసమే హెదర్‌ను విడతలుగా తగలబెడతారు. లేత చిగుళ్ళు పక్షులకు మేత, ముదురు పొదలు వాటికి దాపు. కొండమీద కనిపించే గళ్ళ గళ్ళ మచ్చలు అవే. కంచు యుగంలో అడవి నరికి, తరవాత వేల ఏళ్ళు గొర్రెలను మేపి, నిప్పు పెట్టి మనుషులే నిలబెట్టిన బీడు ఇది. ఆ మాట విన్నాక మామయ్యగారు పోడు వ్యవసాయం గురించి మొదలుపెట్టి, కారు దాకా వచ్చేవరకు ఆపలేదు.

ఇంత దూరం నడవలేని పెద్దలుంటే పికరింగ్ నుంచి విట్బీకి పోయే ఏ169 రోడ్డు పక్కన సాల్టర్‌గేట్ దగ్గర ఆగాలి. హోల్ ఆఫ్ హోర్కమ్ అనే దాదాపు 400 అడుగుల లోతైన గిన్నె లాంటి లోయ అక్కడి నుంచే కనిపిస్తుంది. వేడ్ అనే రాక్షసుడు పెళ్ళాం మీద కోపంతో ఒక దోసెడు మట్టి తీసి విసిరితే ఏర్పడిందని స్థానిక కథ. నిజానికి ఊటలు కొండను లోపలి నుంచి కొంచెం కొంచెంగా కోసి చేసినది. కారు నిలిపే చోటు రోడ్డుకు అవతలి వైపు ఉంటుంది, బండ్లు మహా వేగంతో వస్తాయి, పిల్లల చేయి వదలకూడదు.

మాకు తేట ఆకాశం శనివారం దొరికింది, గుట్టకు ఇచ్చాము. ఆదివారం పడమటి గాలి, మబ్బు, పొగబండిలో విట్బీ. రీవో చూడలేదు. సోమవారం పది గంటలకు తాళంచెవి ఇచ్చేయాలి కనుక ప్రయత్నించలేదు కూడా. ఆదివారం రాత్రి మబ్బు విడిపోయింది. ఈ ప్రాంతాన్ని 2020లో అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా గుర్తించారు. కాటేజీ ముందు దీపం ఆర్పి కుర్చీ వేసుకుని కూర్చుంటే, మామయ్యగారు సప్తర్షి మండలం నుంచి మొదలుపెట్టి ధ్రువ నక్షత్రం దాకా పిల్లలకు వేలితో దారి చూపించారు.