హిటాచీ నెత్తిన ప్రీక్లీనర్: క్రషర్ దుమ్ములో ఆరేళ్ల వాడకం

2019 వేసవిలో బెంగళూరు ఉత్తరాన, బాగలూరు వైపు ఒక రాతి క్రషర్‌లో పనిచేస్తున్న మా హిటాచీకి, అంటే తవ్వి ఎత్తే బండికి, బ్యాక్ కంప్రెషన్ వచ్చింది: సిలిండర్లలో ఆగాల్సిన ఒత్తిడి రింగుల సందుల్లోంచి కిందికి జారుతోంది. ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ. ఓవరాలింగ్ చేయించి మూడు వేల గంటలు కూడా కాలేదు. మా మెకానిక్‌ది మదనపల్లె, కె.ఆర్.పురంలో స్థిరపడ్డాడు. ఆయన ఇంజిన్ జోలికి పోకముందే గాలి ఫిల్టర్ డబ్బాకీ, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోసే టర్బోకీ మధ్య ఉన్న రబ్బరు పైపు ఊడదీసి, లోపల వేలు తిప్పి నాకు చూపించాడు. వేలి కొసన బూడిదరంగు పొడి.

"చూడప్పా, ఫిల్టర్ దాటినాంక ఉండే దుమ్ము ఇది. లైనర్లు ఎట్లుంటాయో ఇంక చెప్పాల్నా?" అన్నాడు.

విప్పితే ఆయన అన్నట్టే ఉంది. లైనర్లంటే పిస్టన్లు ఆడే సిలిండర్ గొట్టాలు. వాటి పైభాగాన పిస్టన్ రింగు తిరిగే చోట గోరు తగిలేంత మెట్టు పడింది. ఇక్కడి రాయి గ్రానైటు, నైసు. దాన్ని పగలగొడితే లేచే దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. కాఠిన్యం లెక్కలో అది 7, మామూలు ఇనుము 4 దగ్గరే ఆగిపోతుంది. లైనరు మీది ఆయిల్ పొరలో అలాంటి రేణువు చిక్కుకుంటే రింగు కదిలిన ప్రతిసారీ ఆకురాయిలా గీస్తుంది.

నేను వాడింది మంచి కంపెనీ ఫిల్టరే. ఆపరేటర్ని కూర్చోబెట్టి అడిగితే, "దినామ్మూ మధ్యాన్నం తీసి గాలి కొడతాండాం అన్నా, దుమ్ము ఎక్కువుంటే రెండు మార్లు" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు, నేర్పాల్సింది నేను. దుమ్ము రాలడానికి బండి చైన్ మీద తట్టేవాడు కూడా. దానివల్ల ఫిల్టర్ అంచు సొట్టపోయి, రబ్బరు సీలు ఒక పక్క సరిగ్గా కూర్చోవడం మానేసింది. పైగా దుమ్ము లేస్తున్న చోట డబ్బా తెరిచిన ప్రతిసారీ కొంత లోపలి వైపు రాలుతుంది. ప్రీక్లీనర్ అంటే గాలి ఫిల్టర్‌కు చేరకముందే బరువైన దుమ్మును వేరుచేసే పరికరం. దాన్ని కొనాలనే వాళ్లకు నేను మొదట చెప్పేది అందుకే ఇది: గాలిని చివరంటా శుభ్రం చేసే పని ఫిల్టర్‌దే. ఆ డబ్బా తెరవాల్సిన సార్లు తగ్గించడానికి ప్రీక్లీనర్ పెట్టుకుంటాం. ఎంత తగ్గించిందో చూసే దాని మంచిచెడ్డలు తేల్చాలి.

అప్పటిదాకా ఆ బండి నెత్తిన ఉన్నది వాన టోపీ మాత్రమే. ఆకులు, వాన చినుకులు ఆపుతుంది, దుమ్మును ఆపదు.

మొదట గాజు గిన్నె లాంటి డబ్బా ఉండే రకం పెట్టించాను. లోపలి రెక్కలు గాలిని సుడి తిప్పుతాయి, బరువైన దుమ్ము అంచుకు కొట్టుకుని గిన్నెలో పడుతుంది. ధర తక్కువ, తిరిగే భాగం లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. మా జేసీబీకి ఇప్పటికీ అదే ఉంది. వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు పైపులైన్ గుంతలు తవ్వే పనికి వారానికోసారి గిన్నె దులిపితే చాలు. క్రషర్‌లో మాత్రం సగం షిఫ్టుకే గీత దాకా నిండిపోయేది. గీత దాటాక అది వేరుచేయడం మానేస్తుంది, వచ్చిన దుమ్మంతా నేరుగా ఫిల్టర్ మీదికే. నడిమధ్యాహ్నం బండి ఆపి, కాలుతున్న బానెట్ మీదికి హెల్పర్‌ను ఎక్కించి గిన్నె ఖాళీ చేయించడం నా మనసుకు నచ్చలేదు. రెండు నెలలకు తీసేశాను.

తర్వాత జె.సి.రోడ్డులో దుమ్మును తనే బయటికి విసిరేసే రకం తెచ్చాను. ఇంజిన్ పీల్చే గాలే దాని లోపలి రోటర్ని తిప్పుతుంది. దుమ్ము పక్క సందులోంచి బయటికి ఎగిరిపోతుంది. కరెంటు అక్కర్లేదు, ఖాళీ చేసే పని లేదు. ఇక్కడే పెద్ద తప్పు చేశాను. పెద్దదైతే ఎక్కువ దుమ్ము లాగుతుందనుకుని డంపర్‌కు సరిపోయేది కొన్నాను. అది తిరిగింది కానీ మెల్లగా. వేగం లేకపోతే విసురు లేదు, విసురు లేకపోతే దుమ్ము వేరుపడదు. ఫిల్టర్ ఎప్పటిలాగే దుమ్ముతో పూడుకుంటూ వచ్చింది. చిన్నది పెడితే ఇంకో చిక్కు: గొంతు బిగుసుకుని ఇంజిన్‌కు ఊపిరాడదు, బండి లాగదు, పొగ పెరుగుతుంది.

కాబట్టి సైజు పైపు వ్యాసాన్ని బట్టి కాక గాలి లెక్కను బట్టి ఎంచుకోవాలి. మా హిటాచీది 5.9 లీటర్ల ఇంజిన్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన కడుపు నింపుకుంటుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 5,900 లీటర్లు. టర్బో ఉంది కాబట్టి ఒకటిన్నర రెట్లు పైనే వేసుకోవాలి: 9,000 నుంచి 10,000 లీటర్లు. దుకాణంలో అడిగే సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఘనపుటడుగుల లెక్కలో 320 నుంచి 350. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి మొత్తాన్ని మూడు నిమిషాల్లో మింగేస్తుందన్నమాట. ఇది ఉజ్జాయింపు. మీ ఇంజిన్ డేటా షీటులో అసలు అంకె ఉంటుంది, అడిగి తీసుకోండి. ఆ అంకె ప్రీక్లీనర్ మీద రాసిన పరిధికి నడుమన పడాలి. అలా చూసి 2020లో మార్చిన ప్రీక్లీనర్‌తో అసలు తేడా కనిపించింది.

హొస్కోటె దగ్గర రోడ్డు పనికి ఎర్రమట్టి ఎత్తినప్పుడు, రోజూ తీసే ఫిల్టర్‌ను ఐదు వారాలు ముట్టుకోలేదు. ఫిల్టర్ ఎంత పూడిందో చూపే, డబ్బా మీది ఇండికేటర్ ఎర్రగా మారితేనే తెరవాలని గట్టిగా చెప్పి పెట్టాను. చాలా టర్బో డీజిళ్లకు ఆ ఎరుపు 25 అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర పడుతుంది. మొదటి పది రోజులు ఆపరేటర్‌కు నిద్రపట్టలేదు, "ఒగసారి చూస్తా అన్నా" అని ఫోన్లు చేసేవాడు. సన్నని దుమ్ముపొర పట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా వడపోస్తుందని ఆయనకు నమ్మకం కుదరడానికి నెల పట్టింది.

అదే ప్రీక్లీనర్ రాయిని ఇసుకగా నలిపే ఎం-శాండ్ ప్లాంటులో అంత మేలు చేయలేదు. రోజూ తీసేది పది రోజులకొకసారికి వచ్చింది, అంతే. కారణం తేలికే. సుడిగాలి బరువైన రేణువును విసరగలదు, పిండిలాంటి పొడి గాలితోనే పోతుంది. అమ్మేవాళ్లు చెప్పే శాతాలు వినేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. గాలి ఫిల్టర్లకు, ప్రీక్లీనర్లకు చేసే ఐఎస్‌ఓ 5011 పరీక్షను ముతక దుమ్ముతోనూ చేయవచ్చు, సన్న దుమ్ముతోనూ చేయవచ్చు. ముతక దుమ్ముతో వచ్చే అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఏ దుమ్ముతో పరీక్షించారో అడగండి. చెప్పలేకపోతే ఆ శాతాన్ని పక్కన పెట్టేయండి.

పద్నాలుగు నెలలకు దాని బేరింగ్ పట్టేసింది. అప్పటినుంచి ఒక అలవాటు చేశాం: సాయంత్రం ఇంజిన్ ఆపగానే హెల్పర్ చెవి పెట్టి వింటాడు. మంచి రోటర్ కాసేపు తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. టక్కున ఆగితే బేరింగ్ పోతోందని అర్థం. వానకాలం తడి బంక రెక్కలకు అంటుకుంటుంది, గుడ్డతో తుడవాలి.

బ్రేకర్‌తో రాయి పగలగొట్టే రెండో బండికి 2022లో సన్నని గొట్టాల వరుస ఉండే సైక్లోన్ రకం పెట్టించాను. అడుగున చేరే దుమ్మును సైలెన్సర్ పొగ వేగమే లాగి బయటికి పారేస్తుంది. సన్న దుమ్ము విషయంలో నేను వాడినవాటిలో ఇదే మేలు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, అమరికలో జాగ్రత్త కావాలి. మాకు అమర్చిన లేత్ షాపువాళ్లు మధ్యలో ఉండాల్సిన, పొగను వెనక్కి రానివ్వని చెక్ వాల్వు వేయలేదు. ఐడిల్‌లో పొగ వెనక్కి తన్ని ఫిల్టర్ నల్లగా మసిబారింది. మసి పట్టిన ఫిల్టర్ గాలికి పోదు, పారేయాల్సిందే. వాల్వు వేశాక ఆ బాధ లేదు.

ఏ రకమైనా బిగించే తీరు సగం పని. నా మొదటి రోటర్ బరువుకు, బండి అదురుకు గొంతు పైపు అతుకు దగ్గర పగిలింది, ఇప్పుడు బ్రాకెట్ లేకుండా పెట్టించను. దుమ్ము చిమ్మే సందు క్యాబిన్ అద్దం వైపు, రేడియేటర్ వైపు ఉండకూడదు. ఫిల్టర్ డబ్బా అడుగున దుమ్మును బయటికి వదిలే రబ్బరు పెదవి చీలితే వెంటనే మార్చండి, చిన్న ముక్కే కానీ దాన్ని ఎవరూ చూడరు. లోపలి సేఫ్టీ ఫిల్టర్‌కు గాలి కొట్టవద్దు, మార్చడమే. బయటిదానికి తప్పక కొట్టాల్సి వస్తే లోపలినుంచి బయటికి, 30 పీఎస్‌ఐ దాటకుండా.

250 గంటలకొకసారి ఆయిల్ మార్చేటప్పుడు శాంపిల్ పరీక్షకు పంపుతాను. సిలికాన్, ఇనుము రెండూ కలిసి పెరిగితే ఎక్కడో దుమ్ము పోతోందని లెక్క. ఇంజిన్ కొత్తగా బిగించాక సీలెంటు వల్ల కూడా సిలికాన్ కనిపిస్తుంది, కాబట్టి మొదటి రిపోర్టు చూసి కంగారు పడవద్దు. మా పాత హిటాచీ 2019 ఓవరాలింగ్ తర్వాత ఇప్పటికి తొమ్మిది వేల గంటలు దాటింది. పోయిన నెల మెకానిక్ మళ్లీ అదే రబ్బరు పైపు ఊడదీసి వేలు తిప్పాడు. నూనె తడి తప్ప ఏమీ అంటలేదు. పైపు బిగించి, క్లాంపు కొత్తది వేసి, బండిని క్రషర్‌కు పంపాం.