ఐటమ్ మోట్: కందకంలో కూర్చున్న ఏడు వందల ఏళ్ల ఇల్లు

ఇంగ్లండ్‌లో చుట్టూ కందకం ఉన్న పాత మేనర్ హౌస్‌లలో (జమీందారీ ఇళ్లలో) ఒక్కటే చూసే వీలుంటే కెంట్‌లోని ఐటమ్ మోట్‌కు వెళ్లండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ‘ఇఘ్తామ్’ అని చదివేస్తారు గానీ అక్కడివాళ్లు పలికేది ‘ఐటమ్’ అనే. 1320ల ప్రాంతంలో మొదలైన కట్టడం ఇది. సెవెనోక్స్ పట్టణానికి తూర్పున, ఐవీ హాచ్ అనే పల్లె పక్కన, లోయ అడుగున ఉండటంతో దగ్గరికి వచ్చేదాకా కనపడదు. నిర్వహణ పాత కట్టడాలను కాపాడే స్వచ్ఛంద సంస్థ నేషనల్ ట్రస్ట్‌ది. ఆ సంస్థ సభ్యులకు టికెట్ అక్కర్లేదు.

రోజు పాడయ్యేది ప్రయాణం దగ్గరే. లండన్ నుంచి సెవెనోక్స్‌కు రైలు అరగంట పైచిలుకు, కానీ స్టేషన్‌ నుంచి ఇంటికి ఇంకో ఆరు మైళ్లు. దగ్గరి స్టేషన్ బరో గ్రీన్ అండ్ రూటమ్. అక్కణ్నుంచీ మూడున్నర మైళ్లు ఉంది. బస్సును నమ్ముకోవద్దు. టాక్సీ అయితే తిరుగు ప్రయాణానికీ ముందే మాట్లాడుకోవాలి. నడిచేవాళ్లకు గ్రీన్‌సాండ్ వే కాలిబాట ఈ పక్కనుంచే పోతుంది, చలికాలంలో మాత్రం బురదకు తగ్గ బూట్లు వేసుకోండి. తోట తెరిచి ఉంటే ఇల్లూ తెరిచే ఉంటుందని అనుకోకుండా, పొద్దున్నే వెబ్‌సైట్‌లో వేళలు చూసుకుని బయల్దేరండి.

చేరగానే చాలామంది నేరుగా లోపలికి వెళ్లిపోతారు. అది పొరపాటు. ముందు కందకం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. గాలి లేని ఉదయం గోడలు నీళ్లలో తలకిందులుగా, చెదరకుండా కనిపిస్తాయి. ఒకచోట కెంట్ రాగ్‌స్టోన్ రాయి, ఇంకోచోట ఓక్ దూలాల చట్రం: ఏ తరం వాళ్లు ఏది కలిపారో ఇక్కడే సగం అర్థమవుతుంది. కందకం మీద మూడు వంతెనలున్నాయి.

గోపురం కింది ద్వారం దాటితే ఇంటి నడుమ ఆరుబయలు ముంగిలి. డెబ్బైకి పైగా గదులు దాని చుట్టూ అల్లుకున్నాయి. ముంగిలిలో చెక్కతో చేసిన పెద్ద కుక్కగూడు ఉంటుంది, తప్పక చూడండి. డైడో అనే సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క కోసం 1891లో కట్టించినది. ఇంటితో పాటే దానికీ చారిత్రక కట్టడాలకిచ్చే అత్యున్నత స్థాయి గ్రేడ్ 1 రక్షణ ఉంది.

ఎక్కువ సేపు ఉండాల్సింది ఇంటి ప్రార్థన మందిరమైన చాపెల్‌లో. 1521లో ఈ ఇల్లు కొన్న రిచర్డ్ క్లెమెంట్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆస్థానంలో మనిషి. రాజు మీది విధేయత పైకప్పు పలకల మీద రంగుల్లో కనిపిస్తుంది: రాజవంశపు గుర్తయిన ట్యూడర్ గులాబీ, దాంతో పాటు రాణి కాథరీన్ ఆఫ్ ఆరగాన్ గుర్తయిన దానిమ్మ. రంగులు వెలిసిపోయాయి, లోపల వెలుతురూ తక్కువే. ఒక నిమిషం కదలకుండా నిలబడితే కళ్లు అలవాటుపడి బొమ్మలు ఒక్కొక్కటే తేలుతాయి. నడుస్తూ తలెత్తి చూసేవాళ్లకు నల్లటి చెక్క తప్ప ఏమీ దొరకదు.

లోపం ఒకటుంది. గదుల వరస కాలక్రమంలో సాగదు. పద్నాలుగో శతాబ్దపు హాలు చూసిన కాసేపటికే డ్రాయింగ్ రూములో చేత్తో రంగులద్దిన చైనా గోడకాగితం, ఆపైన ఇరవయ్యో శతాబ్దపు సామాను. తికమకపడితే గదిలో ఉన్న వాలంటీర్‌ను అడగండి. మెట్లు, ఎగుడుదిగుడు నేల కూడా ఉన్నాయి; మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, పిల్లల బండి తెచ్చేవాళ్లు వెళ్లే ముందే కనుక్కోవడం మేలు.

మరమ్మతుల గురించిన వివరాలను దాటేయకండి. కలపను తొలిచే డెత్‌వాచ్ పురుగు ఇంటి దూలాలను గుల్ల చేసింది. 1989 నుంచి 2004 దాకా భాగాలుగా విప్పి, ప్రతిదీ నమోదు చేసి, బాగుచేసి, తిరిగి అమర్చారు. ఖర్చు కోటి పౌండ్లు దాటింది. ఇది తెలిశాక హాలు పైకప్పును ఇంకోసారి చూడండి, వేరేగా కనిపిస్తుంది.

చివర్లో చార్లెస్ హెన్రీ రాబిన్సన్ గ్రంథాలయం వస్తుంది. 1953లో ఇల్లు కొన్న ఈ అమెరికన్ వ్యాపారి దీన్ని ట్రస్ట్‌కు రాసిచ్చి 1985లో పోయాడు. ఇంటికి, తోటకు కలిపి మూడు గంటలు పెట్టుకుంటే ఈ గది దగ్గరికి వచ్చేసరికి హడావిడి ఉండదు.