వైజాగ్ వస్తున్నారా? సముద్రం కనిపించే హోటల్లో మాత్రం తినకండి

చుట్టాలొచ్చినా ఫ్రెండ్సొచ్చినా అందరూ నన్ను అడిగేది ఒకటే, బీచ్ ఎదురుగా మంచి హోటల్ ఏదైనా చెప్పమని. నేను చెప్పను. బీచ్ రోడ్డులో అద్దాల గోడ పక్కన కూర్చోబెట్టి కెరటాలు చూపిస్తూ పెట్టే భోజనంలో సగం బిల్లు ఆ అద్దానికే. ఈ మధ్య ఒక రూఫ్‌టాప్‌లో (పేరెందుకు లెండి) రొయ్యల వేపుడు చెప్తే ఫ్రీజర్ లోంచి తీసిన రబ్బరు ముక్కలు వచ్చాయి, అదీ ఫిషింగ్ హార్బర్ నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పెట్టుకుని! మా ఊళ్ళో అసలు తిండి ఊరి లోపల ఉంది. సముద్రం పక్కనే తినాల్సింది బళ్ళ మీద దొరికేది మాత్రమే, అది మాత్రం వదలకూడదు.

బండి అంటే ముందు మురీ మిక్చర్. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నుంచి అటూ ఇటూ ఎంత దూరం నడిచినా ఇదే వాసన. మురీలు (అంటే మరమరాలు), వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కారం, పైన నిమ్మకాయ. చెప్పుకుంటే ఇంతే, కానీ డబ్బాలో వేసి గరిటెతో టకటకా కలిపే ఆ అర నిమిషంలోనే ఉంది అంతా. కలిపిన వెంటనే తినాలి, పొట్లం కట్టించుకుని రూముకి తీసుకెళ్తే మెత్తబడిపోయి ఎందుకూ పనికిరాదు. నిమ్మకాయ ఎక్కువ పిండమని ముందే చెప్పండి, అడగకపోతే పిసినారితనం చూపిస్తారు. పక్కనే మిరపకాయ బజ్జీ చీల్చి లోపల ఉల్లిపాయ కూరి ఇస్తారు, టమాటా బజ్జీ కూడా ఉంటుంది, రెండోది వేడి మీద కొరికితే నాలుక కాలుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. బండి ఎంచుకోవడానికి నా పద్ధతి ఒకటే: నూనె రంగు చూస్తాను. నల్లగా ఉంటే ఎంత రద్దీగా ఉన్నా ముందుకు నడుస్తాను. ఆదివారం సాయంత్రం వెళ్ళకండి, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది, కారో బైకో ఆపుకోవడానికి చోటు వెతకడంలోనే పొద్దు గూకిపోతుంది.

టిఫిన్‌కి పొద్దున్నే ఊళ్ళోకి రండి. ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్ దోసెలకి పేరున్న చోటు, మాకందరికీ కాలేజీ రోజుల నుంచి అలవాటు, ఇప్పటికీ కూర్చోవడానికి నిలబడి చూడాల్సిందే. నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ కావాలంటే వెంకటాద్రి వంటిల్లు. ఇవి కాకపోయినా ఫరవాలేదు, ఏ సందులోనైనా పొద్దున ఆరింటికి జనం చుట్టూ మూగిన టిఫిన్ బండి కనిపిస్తే ఆగండి. పూరీలోకి బొంబాయి చట్నీ వేశారంటే సరైన చోటికే వచ్చినట్టు. కాఫీ సంగతికొస్తే నాకో బాధ ఉంది. పక్కనే అరకు, అక్కడి అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, అయినా మన టిఫిన్ హోటళ్ళలో ఇంకా చికోరీ నీళ్ళే పోస్తున్నారు. అరకు కాఫీ కావాలంటే దానికోసం ప్రత్యేకంగా పెట్టిన షాపులు వెతుక్కుని వెళ్ళాల్సిందే.

మధ్యాహ్నం శాకాహార భోజనం అయితే సూర్యాబాగ్‌లో దసపల్లా వాళ్ళ ధరణి. తెల్ల టేబుల్ గుడ్డలు, మర్యాదగా కొసరి వడ్డించేవాళ్ళు, పెద్దవాళ్ళను తీసుకెళ్ళడానికి ఇంతకంటే టెన్షన్ లేని చోటు నాకు తెలియదు. బిరియానీకి జగదాంబ దగ్గర ఆల్ఫా. అందరూ ఒప్పుకోరు, నాకు తెలుసు, హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావగారైతే ఇది బిరియానీయే కాదని ప్లేటు ఖాళీ చేస్తూ చెప్పారు.

ఇక చేపలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే వైజాగ్ వచ్చి చేప తినకుండా వెళ్ళేవాళ్ళంటే నాకు జాలి, చెడ్డ చేప తిని వెళ్ళేవాళ్ళంటే ఇంకా జాలి. ముందు క్యాలెండర్ చూసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంచుతారు. సరిగ్గా అప్పుడే పిల్లలకి వేసవి సెలవులు, అప్పుడే అందరూ వచ్చి తాజా వంజరం కావాలంటారు. ఆ రెండు నెలల్లో హోటల్లో మీ ముందు పెట్టేది చాలాసార్లు ఐసులో పడుకున్నదో, పడమటి తీరం నుంచి లారీ ఎక్కి వచ్చిందో, లేదంటే చెరువు చేప. తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే కాసిని చేపలు దొరికితే మీ అదృష్టం.

మిగతా రోజుల్లో వీలైతే ఒక్కసారి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. వాసనకి సిద్ధపడి, పాత చెప్పులేసుకుని వెళ్ళాలి. వేలం పాటలు, ఐసు పెట్టెలు, అరుపులు, మధ్యలో బుట్టలు ముందేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు. వంజరం, చందువాయి, కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, పీతలు, అన్నీ అక్కడే. "నిన్నటిది కాదు కదక్కా?" అంటే "కళ్ళు సూడు బాబూ, నిన్నే సూత్తంది" అని నవ్వేసే రకం వాళ్ళు. నిజంగానే కళ్ళు చూడాలి, తేటగా ఉబ్బి ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇచ్చేవాళ్ళూ అక్కడే ఉంటారు. వంట చేసుకునే వీలున్న చోట దిగితే ఇంతకంటే మంచి భోజనం ఊళ్ళో ఏ హోటలూ పెట్టలేదు. ఖరీదైన వంజరం మీదే పడకండి, నెత్తళ్ళు కరకరలాడేలా వేయించుకుని పప్పుచారులోకి నంజుకోండి, తర్వాత నాకు చెప్పండి. వండుకోలేని వాళ్ళకి రుషికొండ వైపు సీ ఇన్ ఉంది, రాజు గారి ధాబా అనీ అంటారు. ఇంటి వంటలా ఉంటుంది. సముద్రం దగ్గర తినొద్దన్న నా రూలుకి ఇదొక్కటే మినహాయింపు.

తాగడం గురించి చాలామంది మెల్లగా అడుగుతారు. ఇసుకలో కూర్చుని సీసా తీశారంటే పోలీసులు వస్తారు, వాదించకండి. 2019 తర్వాత ఐదేళ్ళు ప్రభుత్వ షాపుల్లో ఎప్పుడూ వినని బ్రాండ్లు చూసి జనం విసిగిపోయారు, 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్ళీ వచ్చాక తెలిసిన పేర్లు కనిపిస్తున్నాయి. ప్రశాంతంగా తాగాలంటే హోటల్ బారే మంచిది, అక్కడ మాత్రం అద్దంలోంచి సముద్రం చూడటానికి నాకేం అభ్యంతరం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం అయితే బీరు కంటే ముంజలు నయం, లేతవి ఏరి ఇమ్మనండి.

సరదా సంగతి. సూర్యాస్తమయం చూద్దామని కెమెరాలు పట్టుకుని ఆర్కే బీచ్‌లో నిలబడే వాళ్ళని ప్రతి సీజన్‌లో చూస్తాను. మాది తూర్పు తీరం, సూర్యుడు మీ వెనక కొండల మీద దిగిపోతాడు. తెల్లవారుజామున లేవగలిగితే బీచ్ రోడ్డు మీద కాసేపు వాహనాలు ఆపేస్తారు, హాయిగా నడవచ్చు. లేవలేని వాళ్ళు పౌర్ణమికి రండి, చీకటి పడుతుండగా నీళ్ళలోంచి ఎర్రగా చంద్రుడు లేస్తాడు, దానికి టిక్కెట్టు కూడా లేదు.

టిక్కెట్టు పెట్టి చూడాల్సింది ఐఎన్ఎస్ కుర్సురా. 1969లో నేవీలో చేరి, 71 యుద్ధంలో పనిచేసి, 2001లో రిటైరైన జలాంతర్గామిని 2002 నుంచి ఒడ్డు మీదే మ్యూజియంగా పెట్టారు. లోపల నడుస్తుంటే డెబ్బై మందికి పైగా ఇందులో నెలల తరబడి ఎలా బతికారా అనిపిస్తుంది, లావుపాటి వాళ్ళకి తలుపుల దగ్గర కొంచెం కష్టమే. ఎదురుగా నేవీ వాడిన టీయూ-142 విమానం ఉంది, పిల్లలకి అది ఎక్కువ నచ్చుతుంది. సోమవారం వెళ్ళకండి, సెలవు.

ఈత మాత్రం వద్దు. ఇది సరదాకి చెప్పడం లేదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు చాలా త్వరగా లోతైపోతుంది, వెనక్కి వెళ్ళే నీటి లాగుడు మోకాలి లోతులో నిలబడ్డ వాళ్ళని కూడా పడేస్తుంది. ఏటా కాలేజీ కుర్రాళ్ళు పోతూనే ఉన్నారు, యారాడ బీచ్‌లో కూడా అంతే, చూడటానికి ఎంత అందంగా ఉంటుందో దిగితే అంత ప్రమాదం. నీళ్ళలో ఆడాలంటే రుషికొండ బీచ్, లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లో, వాళ్ళు విజిల్ వేస్తే బయటికి రావాలి.

ఒక పూట ఖాళీ ఉంటే రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సెక్కి భీమిలి దాకా వెళ్ళండి, దారిలో కుడి వైపు కిటికీ పట్టుకోవడం ముఖ్యం. తొట్లకొండ దగ్గర దిగి పైకి ఎక్కితే పాత బౌద్ధ ఆరామం, 1976లో నేవీ వాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడింది. పైనుంచి కనిపించే సముద్రానికి కైలాసగిరి కొండ కూడా సరిపోదని నా అభిప్రాయం. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చి వాళ్ళ సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అక్కడక్కడా పెంకుటిళ్ళు, మధ్యాహ్నం నిద్రపోతూ ఉంటుంది.

ఇంటికి ఏం పట్టుకెళ్ళాలంటే మాడుగుల హల్వా. గోధుమ పాలతో చేసేది, నెయ్యి బాగా పోసింది అయితే కాగితానికి మరకలు పడతాయి. ఆ పేరు పెట్టుకుని ఊరంతా అమ్ముతున్నారు, కొనే ముందు చిన్న ముక్క రుచి చూపించమని అడగండి, చూపించని షాపులో కొనొద్దు.