వెనక యాక్సిల్ సీళ్లు, వీల్ బేరింగులు ఇంట్లోనే మార్చుకుంటే: 40 వేల కిలోమీటర్ల తర్వాత సమీక్ష

తీర్పు ముందే చెప్తాను. ఇంట్లో చేసుకోదగ్గ పనే, కానీ కారుతున్న సీలు ఒక్కటి మార్చి వదిలేస్తే పడ్డ శ్రమంతా వృథా. రెండు వైపులా యాక్సిల్ సీళ్లు (చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు చుట్టూ ఉండి ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగులు), వీల్ బేరింగులు, ముందువైపు పినియన్ (ఇంజిన్ శక్తిని వెనక డిఫరెన్షియల్ గేర్లలోకి తెచ్చే చిన్న గేరు) సీలు మార్చి మూడేళ్లు దాటింది. బండి 40 వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఇప్పుడు బ్రేక్ డ్రమ్ము విప్పితే లోపల పొడి దుమ్మే తప్ప నూనె చెమ్మ లేదు. పినియన్ దగ్గర మాత్రం పల్చగా చెమర్చడం మొదలైంది, ఎందుకో కింద రాస్తాను. ఇదంతా వెనక చక్రాలతో నడిచే, గట్టి యాక్సిల్ హౌసింగు, డ్రమ్ము బ్రేకులు ఉన్న బండ్ల సంగతి.

డ్రమ్ములో తడి కనిపించగానే అది ఏ నూనో తేల్చుకోవాలి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం ఘాటు ముక్కుకు తగులుతుంది. పల్చగా ఉండి ఆ వాసన లేకపోతే కారుతున్నది బ్రేక్ వీల్ సిలిండర్, అది వేరే పని. గేర్ ఆయిల్ తగిలిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేసుకోవద్దు. లైనింగు నూనెను లోపలికి పీల్చుకుంటుంది, వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది, ఆ చక్రం ఒక్కటే పట్టేయడమో జారడమో జరుగుతుంది. కొత్త షూలు, రెండు వైపులా వేయాల్సిందే.

సీలు ఊరికే చెడదు. మొదట చూడాల్సింది హౌసింగు పైనుండే బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి. ఆయిల్ వేడెక్కితే లోపలి గాలి పెరుగుతుంది, బ్రీదర్ బురదతో పూడుకుపోతే ఆ ఒత్తిడికి దారి సీలు పెదవి (షాఫ్టును ఆనుకునే రబ్బరు అంచు) ఒక్కటే. అలాంటి హౌసింగులో కొత్త సీలు కూడా కొన్నాళ్లకే కారుతుంది. తర్వాత బేరింగు. చక్రం గాల్లోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే, షాఫ్టు నడిమధ్యన కాకుండా ఊగుతూ తిరుగుతోందన్నమాట, దాని వెంట సీలు పెదవి సాగలేదు. షాఫ్టును లోపలికీ బయటికీ కదిలిస్తే వచ్చే కొద్దిపాటి ఆట మాత్రం సీ-క్లిప్ రకంలో, అంటే షాఫ్టు లోపలి చివరను C ఆకారపు క్లిప్పు పట్టి ఉంచే రకంలో, సహజమే. చివరగా షాఫ్టు మీద సీలు ఆనే చోటు. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు పట్టుకుంటే అక్కడ గాడి పడింది.

పని మొదలుపెట్టే ముందు ఆయిల్ పోసే రంధ్రానికుండే ఫిల్లర్ ప్లగ్గు వదులవుతుందో లేదో చూడండి. ఆయిలంతా కిందికి వదిలేశాక పై ప్లగ్గు తుప్పుతో బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే కూర్చుంటుంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బరువంతా స్టాండ్ల మీద ఉంచాలి, జాకీ మీద వదిలి కిందికి దూరకూడదు.

మూడు సీళ్లూ మారుస్తుంటే పినియన్ సీలు ముందు, యాక్సిల్ సీళ్లు తర్వాత. దీనికి గట్టి కారణముంది. పినియన్ నట్టు కింద చాలా రకాల్లో నలిగి బిగుసుకునే స్పేసర్ ఉంటుంది. బేరింగుల మీద పడే బిగువును నిర్ణయించేది అదే, అందుకే నట్టును ఇంత టార్కుతో బిగించాలని లెక్క పెట్టుకుంటే పొరపాటు. గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, డ్రమ్ములు తీసేసి, చిన్న కొలతలు చూపే ముల్లు టార్క్ రెంచితో పినియన్‌ను కొన్ని చుట్లు తిప్పాలి. తిరుగుతున్నప్పుడు ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. నట్టుకూ పినియన్‌కూ ఫ్లాంజికీ (ప్రొపెల్లర్ షాఫ్టును బిగించే భాగం) కలిపి ఒక గుర్తు గీసి, బయట కనిపించే మరలు లెక్కపెట్టుకోవాలి. కొత్త సీలు వేశాక మళ్లీ ఆ కొలతకే, లేదా అంతకంటే 0.3 నుంచి 0.5 న్యూటన్ మీటర్లు ఎక్కువకు, కొంచెం బిగించి ఒకసారి కొలుస్తూ చేరాలి. దాటిపోతే నట్టు వదులు చేసి సరిచేయడం కుదరదు. నలిగిన స్పేసర్ తిరిగి సాగదు, కొత్తది వేయాల్సిందే. ఈలోపు యాక్సిల్ సీళ్లు మార్చేస్తే కొత్త పెదవుల రాపిడి కూడా కొలతలో కలిసిపోతుంది, ముందు రాసుకున్న అంకెతో పోల్చడానికి లేకుండా పోతుంది.

సీ-క్లిప్ రకంలో వెనక కవరు విప్పి, అడ్డపిన్నును పట్టి ఉంచే చిన్న బోల్టు తీయాలి. ఇది పెళుసు, విరగడం మామూలే. నెమ్మదిగా, సరిగ్గా పట్టే స్పానరుతో తిప్పండి, తిరిగి బిగించేటప్పుడు కొత్తదే వాడండి. పిన్ను లాగి, షాఫ్టును లోపలికి నెడితే క్లిప్పు ఊడి వస్తుంది. పిన్ను బయట ఉన్నంతసేపు డిఫరెన్షియల్‌ను తిప్పకండి, చిన్న గేర్లు దొర్లి చోటు తప్పుతాయి. ఈ రకంలో రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. అక్కడ గుంటలు పడి, పొలుసులు లేచి ఉంటే బేరింగు మార్చి లాభం లేదు, షాఫ్టే మార్చాలి. రోలర్లను పక్కకు జరిపే జంట సీలు-బేరింగు కూడా వాడి చూశాను. తాత్కాలికంగా సరే, గట్టిపరచిన పొర చితికిపోయిన షాఫ్టును అది ఎక్కువకాలం కాపాడలేదు.

రెండో రకంలో, అంటే బేరింగును షాఫ్టు మీదికి ప్రెస్సుతో ఎక్కించే రకంలో, కష్టమంతా ఆ బేరింగును పట్టి ఉంచే ఉక్కు కాలరుతోనే. గ్రైండరుతో కాలరు మందంలో ముప్పావు వంతు దాకా కోసి, ఆ కోతలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే టప్పున పగిలి వదులవుతుంది. గ్రైండరు చక్రం షాఫ్టును తాకకూడదు. అక్కడ పడ్డ గీతే రేపు షాఫ్టు విరగడానికి మొదలు. కొత్త బేరింగు ఎక్కించే ముందు రిటైనర్ ప్లేటు (బేరింగును హౌసింగులో పట్టి ఉంచే పలక) షాఫ్టు మీద ఉందా, సరైన వైపు తిరిగి ఉందా అని రెండుసార్లు చూడండి. అది మర్చిపోతే కొత్త కాలరునూ పగలగొట్టాల్సిందే. ప్రెస్సు బలం లోపలి వలయం మీదే పడాలి. బయటి వలయం మీద నొక్కితే బాల్స్ తమ దారిలో సన్నని గుంతలు చేస్తాయి, మొదటి రోజునుంచే రొద.

సీలు విషయంలో స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు. పెదవుల మధ్య గ్రీజు నింపి, సీలంత వెడల్పున్న చదునైన రింగుతో, అన్ని వైపులా సమంగా కొట్టాలి. పైన రబ్బరు పూత ఉన్న సీలుకు కొంచెం నూనె చాలు. ఉత్త లోహపు అంచుకు పల్చగా సీలెంట్ రాయాలి. షాఫ్టు దూర్చేటప్పుడు దాని బరువు సీలు మీద వాలకూడదు, చివరి పళ్లు పెదవిని కత్తిలా కోస్తాయి. ఒక చేత్తో కిందినుంచి ఎత్తి పట్టుకుని, పళ్లు లోపలి గేరులో కూర్చునే దాకా వదలకండి.

గాడి పడిన చోట వేసిన సన్నని స్టెయిన్‌లెస్ తొడుగు ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన వస్తువు. మందం సుమారు 0.28 మిల్లీమీటర్లే కాబట్టి సీలు సైజు మార్చనక్కర్లేదు. కుడివైపు షాఫ్టుకు వేసిన తొడుగు మీద ఇప్పటికీ గోరు జారిపోతోంది. పినియన్ ఫ్లాంజి మీద ఉన్న తేలికపాటి గాడిని మాత్రం సన్న ఎమెరీ కాగితంతో, నిలువుగా కాకుండా చుట్టూ తిప్పి నున్నగా చేసి వాడాను. సుమారు 30 వేల కిలోమీటర్ల దగ్గర చెమర్చడం మొదలైంది అక్కడే. గాడి గాడే, నున్నగా చేసినంత మాత్రాన నిండదు. దానికీ తొడుగు వేయాల్సింది. ఫ్లాంజి చుట్టూ కాకుండా నట్టు మధ్యలోంచి తడి వస్తుంటే మాత్రం తప్పు సీలుది కాదు, పినియన్‌కూ ఫ్లాంజికీ మధ్య పళ్ల సందుల్లోంచి ఆయిల్ పాకుతోంది, నట్టు కింద సీలెంట్ వేస్తే ఆగుతుంది.

కవరుకు సీలెంట్ 3 మిల్లీమీటర్ల తీగలా, బోల్టు రంధ్రాలకు లోపలివైపుగా పెట్టి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోయాలి. బండి చదునుగా ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. మాన్యువల్ చెప్పిన గ్రేడే వాడాలి. చాలా బండ్లకు జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 సరిపోతుంది, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా అదుపు చేసే డిఫరెన్షియల్) ఉంటే దాని అడిటివ్ కూడా కలపాలి. మొదటి 1,000 కిలోమీటర్లకు మట్టం చూసి, డ్రమ్ము ఒకటి విప్పి, బ్రీదర్ టోపీ వేళ్లతో తిరుగుతోందో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా ఇదే పరీక్ష.