పదిహేను లీటర్ల గీజరు: అట్టపెట్టె మాట, థర్మామీటరు మాట

డిసెంబరు చివరి వారంలో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో 15 లీటర్ల, 2,000 వాట్ల గీజరు కొన్నాను. అట్టపెట్టె మీద "పది నిమిషాల్లో వేడినీళ్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మిన కుర్రవాడు దానికి తోడు, "ఫైవ్ స్టార్ సార్, రాడ్ కన్నా సగం కరెంటే కాలుతది" అని తన మాట కూడా కలిపాడు. హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక ఈ రెండు మాటలనూ ఊరికే నమ్మబుద్ధి కాక, నెల రోజుల పాటు బడి ప్రయోగశాల థర్మామీటరుతోనూ ఇంటి కరెంటు మీటరుతోనూ సరిచూశాను. కంపెనీ పేరు రాయడం లేదు. చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఏ కంపెనీ గీజరుకైనా వర్తిస్తుంది.

ముందుగా లెక్క. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి సుమారు 4,186 జౌళ్ల ఉష్ణం కావాలి. నీటి ద్రవ్యరాశినీ, ఈ అంకెనీ, ఎన్ని డిగ్రీలు పెంచాలన్నదాన్నీ గుణిస్తే కావలసిన ఉష్ణం వస్తుంది. జనవరి మొదటి వారంలో తెల్లవారుజామున మా మిద్దె మీది ట్యాంకు నీరు 20 డిగ్రీలు చూపింది. గీజరు ఎర్రలైటు ఆరిపోయాక పట్టిన మొదటి మగ్గు 58 డిగ్రీలు చూపింది. అంటే 15 కిలోల నీటికి 38 డిగ్రీల పెరుగుదల, దాదాపు 23.9 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు గనుక ఇది 0.66 యూనిట్ అవుతుంది. మిగతా స్విచ్‌లన్నీ ఆపి చూస్తే మీటరు 0.72 దగ్గర నిలిచింది. ఆ కొద్దిపాటి తేడా ట్యాంకు ఇనుము వేడెక్కడానికీ, బయటికి పోయిన వేడికీ చెల్లు. ఈ విషయంలో గీజరును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

సమయం దగ్గరే పేచీ వచ్చింది. 2,000 వాట్లు నిండుగా అందితే 0.72 యూనిట్ కాలడానికి 22 నిమిషాలు పట్టాలి, నాకు 27 నిమిషాలు పట్టింది. మల్టీమీటరు పెట్టి చూస్తే ఆ వేళ వోల్టేజి 205 మాత్రమే ఉంది. కాయిలుకు అందే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, 230 వోల్టులకు 2,000 వాట్లు ఇచ్చే కాయిలు 205 దగ్గర 1,600 వాట్ల కన్నా కొంచెం తక్కువే ఇస్తుంది. మా వీధిలో అందరూ ఒకే గంటలో గీజర్లు, మోటార్లు వేస్తారు. దానికి గీజరు కంపెనీని అనడం న్యాయం కాదు.

అయితే అట్టపెట్టె మీది పది నిమిషాల మాట అబద్ధమా? పూర్తిగా కాదు, అదే దానిలోని గడుసుతనం. నిండు వోల్టేజిలో పది నిమిషాలకు అందే 12 లక్షల జౌళ్లు 15 లీటర్లను 19 డిగ్రీలు పెంచుతాయి; 20 డిగ్రీల నీరు 39 డిగ్రీలకు చేరుతుంది. చన్నీళ్లు కలపకుండా నేరుగా పోసుకుంటే అది స్నానానికి సరిపోయే వేడే. కాకపోతే ఒక్క బకెట్టు వస్తుంది, రెండోవాళ్లు మళ్లీ కాచుకోవలసిందే.

మా అమ్మకు ఈ లెక్కలతో పని లేదు. పరకాల దగ్గరి మా ఊళ్లో కట్టెల పొయ్యి మీద రాగి కాగులో నీళ్లు కాచిన మనిషి. మొదటి రోజు స్నానం చేసి వచ్చి, "గిదేంది బిడ్డా, బకెట్టున్నరకే సల్లవడ్డది" అన్నది. ఆమె అన్నదీ నిజమే. నీరు బయటికి వస్తున్నకొద్దీ అడుగు నుంచి చన్నీరు లోపలికి చేరుతుంది, అందువల్ల 15 లీటర్లలో గట్టి వేడితో వచ్చేది 12 లీటర్లకు మించలేదు. దానికి 20 డిగ్రీల నీరు కలిపి 40 డిగ్రీలకు తెస్తే 23 లీటర్ల లోపే తేలుతుంది, మా 15 లీటర్ల బకెట్టుకు సరిగ్గా ఒకటిన్నర. మాటవరసకు చెబుతున్నాను: ఆరు కిలోల రాగి కాగు తాను వేడెక్కడానికి తీసుకునే ఉష్ణం అరలీటరు నీరు తీసుకున్నంతే. కాగులో నష్టం రాగి వల్ల కాదు, పొయ్యి చుట్టూ పోయే మంట వల్ల.

ఇక దుకాణం కుర్రవాడి "సగం కరెంటు" మాట నిలవదు. 1,500 వాట్ల రాడ్ కూడా తన వేడంతా నీటిలోకే ఇస్తుంది. 20 లీటర్లను 20 నుంచి 45 డిగ్రీలకు తేవడానికి అది 23 నిమిషాల్లో 0.58 యూనిట్ వాడుతుంది. అంతే నీటిని అంతే వేడి చేయాలంటే గీజరైనా అన్నే జౌళ్లు ఇవ్వాలి, ఎన్ని నక్షత్రాలున్నా ఆ అంకె తగ్గదు. ఆ నక్షత్రాలు కొలిచేది కాచిన నీటిని ఒక రోజంతా నిలవ ఉంచితే ఎంత వేడి పోతుందన్నదాన్ని. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అని 18వ శతాబ్దంలోనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ తేల్చి చెప్పాడు. మన దుకాణాల్లో ఇంకా రెండూ ఒకటే. నిలవ విషయంలో మాత్రం ఈ గీజరును మెచ్చుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి 58 డిగ్రీల దగ్గర స్విచ్ ఆపితే ఉదయం ఆరింటికి 51 డిగ్రీలు ఉంది. రాడ్‌తో పోల్చితే దొరికే అసలు లాభం భద్రత: పిల్లలున్న ఇంట్లో బకెట్టులో వేలాడే కరెంటు కాయిలు లేకపోవడమే ఎంతో నయం.

ఒక చిన్న ఉపాయం అనుకోకుండా తెలిసింది. అదే ఉదయం బోరు నుంచి అప్పుడే తోడిన నీరు 27 డిగ్రీలు ఉంది. రాత్రి మిద్దె మీద చల్లారిన నీటికన్నా ఏడు డిగ్రీలు ఎక్కువ గనుక ఒక్కో కాపుకు 0.12 యూనిట్ మిగులుతుంది. మోటారు ఎలాగూ వేయాలి కనుక చలికాలంలో సాయంత్రం బదులు తెల్లవారుజామున వేస్తున్నాము. బోరు నీటి ఉప్పు కాయిలుకు పొరలా పడుతుందన్న భయం ఉంది, ఏడాదికొకసారి విప్పించి కడిగించక తప్పదు.

నచ్చనివి రెండు. వేడి తిప్పే మీట మీద డిగ్రీల అంకెలు లేవు, "తక్కువ, ఎక్కువ" అన్న గుర్తులే ఉన్నాయి. బిగించడానికి కావలసిన గొట్టాలు పెట్టెలో లేవు, వాటికీ ప్లంబరుకూ విడిగా డబ్బు పెట్టవలసి వచ్చింది. ఆ సంగతి దుకాణంలో ముందే చెప్పి ఉండవలసింది.

ఇద్దరున్న ఇంటికి ఈ గీజరు బాగానే సరిపోతుంది. నలుగురున్న మా తమ్ముడికి మాత్రం 25 లీటర్లది తీసుకొమ్మన్నాను. కాయిలు అదే 2,000 వాట్లదైతే నిండు వోల్టేజిలోనూ 33 నిమిషాలు పడుతుంది కనుక, ఆరు గంటల స్నానానికి ఐదుంబావుకే స్విచ్ వేయమని కూడా చెప్పాను.