ప్రాంతీయ వేలంశాలల్లో పాత సామాను, పటాలు: ఏళ్ల తరబడి కొని, అమ్మిన తర్వాత సమీక్ష

ఇది పేరుమోసిన పెద్ద సంస్థల గురించి కాదు. పదిహేను రోజులకో, నెలకో ఒకసారి పాట పెట్టే ప్రాంతీయ వేలంశాలల గురించి. ముందే తేల్చి చెప్పేస్తాను: సరుకు బాగుంటుంది, కేటలాగు అంత బాగుండదు. ఇళ్లు ఖాళీ చేసినప్పుడు సామాను నేరుగా ఇక్కడికే చేరుతుంది కాబట్టి, పది చేతులు మారని వస్తువులు దొరుకుతాయి. కానీ ఒక్కో వేలానికి ఐదారు వందల లాట్ల (ఒక్కో పాటకు పెట్టే వస్తువుల) గురించి రాసేది ఇద్దరో ముగ్గురో మనుషులు. వెండి బాగా తెలిసినవాళ్లే పింగాణీ గురించీ రాయాలి, పటాల గురించీ రాయాలి. కొనేవాళ్లకు లాభమైనా నష్టమైనా పుట్టేది అక్కడే. వ్యూయింగ్ రోజున, అంటే వేలానికి ముందు సరుకు చూపించే రోజున, వెళ్లి వస్తువు చేత్తో పట్టుకుని చూసేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. ఫోటో చూసి పాడేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

మొదట లెక్క. సుత్తి పడిన ధర, అంటే పాట ఆగిన ధర, మీరు కట్టే ధర కాదు. కొన్నవాళ్ల దగ్గర వేలంశాల అదనంగా తీసుకునే బయ్యర్స్ ప్రీమియాన్ని 1975లో లండన్‌లో క్రిస్టీస్, సోథబీస్ అనే పెద్ద వేలం సంస్థలు మొదలుపెట్టినప్పుడు అది 10 శాతం. ఇప్పుడు ప్రాంతీయ వేలంశాలల్లోనే 20 నుంచి 30 శాతం మామూలైపోయింది. దాని మీద పన్ను వేరు. ఆన్‌లైన్‌లో పాడితే మరో 3 నుంచి 5 శాతం, దానికీ పన్ను. సుత్తి ధర 1,000, ప్రీమియం 25 శాతం, ఆన్‌లైన్ రుసుము 5 శాతం, ఆ రెండిటి మీద పన్ను 20 శాతం అనుకుంటే చేతి నుంచి పోయేది 1,360. అందుకే వెనక నుంచి లెక్కేసుకోవాలి. మొత్తం 1,000 మించి పెట్టలేనంటే 1.36తో భాగించండి, పాట 735 దగ్గర ఆగిపోవాలి. ఆ అంకె చీటీ మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి. ప్యాకింగు, రవాణా ఇందులో లేవు.

వ్యూయింగ్‌కు తీసుకెళ్లాల్సినవి: 10 రెట్ల భూతద్దం, చిన్న టార్చి, టేపు, అయస్కాంతం, యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి. యూవీ టార్చి 365 నానోమీటర్లది కొనండి. 395ది చవకే గానీ, దాని ఊదా వెలుతురులో చూడాల్సిన మెరుపు మునిగిపోతుంది.

చెక్క సామానులో ముందు సొరుగు పూర్తిగా బయటికి లాగండి. చేత్తో కోసిన డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడే) అతుకులు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి, యంత్రంతో కోసినవి అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. పై పెట్టె సొరుగుల అతుకులు ఒక రకంగా, కింది పెట్టెవి ఇంకో రకంగా ఉంటే, రెండు వేర్వేరు సామాన్లను కలిపి ఒకటిగా నిలబెట్టారన్నమాట. వ్యాపారులు దాన్ని 'మ్యారేజ్' అంటారు, విలువ సగానికి సగం పడిపోవచ్చు. సొరుగు ముఖం లోపలి వైపు వేలు పెట్టి తడమండి, పూడ్చిన పాత రంధ్రాలు తగిలితే పిడులు మార్చినట్టే. చెక్కకు బిగించే మరల్లో మొన తేలినవి 1840ల తర్వాతి సంగతి, అంతకుముందువి మొద్దుగా ఉంటాయి. పలక వెనక రంపపు గీతలు విల్లులా వంపు తిరిగి ఉంటే వృత్తాకార రంపం వాడినట్టు. అలాంటి గీతలు చూసి కూడా పద్దెనిమిదో శతాబ్దపు ధర పాడొద్దు.

గుండ్రని పాత బల్ల దొరికితే టేపు తీయండి. చెక్క నార వెంట దాదాపు కుదించుకోదు, నారకు అడ్డంగా కుదించుకుంటుంది. అందుకని నిజంగా రెండు వందల ఏళ్ల పైపలక అయితే రెండు దిక్కుల కొలతల్లో కొన్ని మిల్లీమీటర్లైనా తేడా వస్తుంది. ఎటు కొలిచినా ఒకే అంకె వస్తే పైపలక వయసు మీద అనుమానం పెట్టుకోండి. ఇక పుచ్చు: రంధ్రం అంచు పదునుగా ఉండి, తట్టగానే లేత రంగు పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది. అలాంటిది మందు పెట్టకుండా ఇంట్లోకి తేకండి.

వెండి మీద నోటితో ఆవిరి ఊదండి. ఆ మసక ఆరేలోపు ఒక్క క్షణం అతుకు గీతలు కనిపిస్తాయి. పిడి తెగి అతికించినా, చెరిపేసిన చిహ్నం స్థానంలో ముక్క వేసినా అప్పుడే బయటపడుతుంది. చెరిపిన చోట రేకు పలచబడి, బొటనవేలితో నొక్కితే లోపలికి వంగుతుంది. స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 వంతులు వెండి. కానీ క్యాండిల్‌స్టిక్కుల అడుగున చాలాసార్లు బరువు కోసం పూడిక పోస్తారు, వాటిని తూకం మీద లెక్కేస్తే పూడికకు వెండి ధర కట్టినట్టే. ఈపీఎన్ఎస్ అని ముద్ర ఉంటే అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమ లోహం మీద వెండి పూత మాత్రమే.

పింగాణీని వేలి కొసతో మెల్లగా మీటితే గంటలా మోగాలి. మొద్దుగా పలికితే ఎక్కడో నెర్రె ఉంది, లోపల టార్చి పెట్టి వెతకండి. రంగు వేసి కప్పిన మరమ్మతు పక్కనున్న మెరుగు కన్నా కాస్త వెచ్చగా, మెత్తగా తగులుతుంది, యూవీలో వేరే రంగుగా కనిపిస్తుంది. కంచు బొమ్మ అని రాసినదాన్ని తిరగేసి, అడుగున పాత గీతలు చూడండి. పసుపు తేలితే కంచు, బూడిదరంగు తేలితే జింకు. కొత్తగా గీకొద్దు, అది ఇంకా మీది కాదు.

తైలవర్ణ చిత్రాన్ని చీకట్లో యూవీ కింద పెడితే పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద తర్వాత వేసిన రంగు నల్లటి మచ్చల్లా కనిపిస్తుంది. సంతకం కూడా ఆ నల్ల మచ్చల్లోనే ఉంటే వదిలేయండి. భూతద్దంలో వరుస చుక్కలు కనిపిస్తే అది అచ్చు కాగితం.

పటాల కేటలాగులో ఒక్కో మాటకు ఒక్కో విలువ. చిత్రకారుడి పూర్తి పేరు ఒక్కటే ఉంటే, అది ఆయన గీసిందేనని వేలంశాల అభిప్రాయం. 'అట్రిబ్యూటెడ్ టు' అంటే బహుశా ఆయనదే. 'సర్కిల్ ఆఫ్' అంటే ఆయన కాలంలో ఆయన ప్రభావం ఉన్న మరొకరిది. 'మేనర్ ఆఫ్' అంటే ఆ పద్ధతిలో తర్వాతెప్పుడో గీసింది. 'ఆఫ్టర్' అంటే నకలు. 'సైన్డ్' అంటే ఆయన సంతకం, 'బేర్స్ సిగ్నేచర్' అంటే ఎవరో పెట్టిన సంతకం కావచ్చు. చెక్క సామాను దగ్గర 'స్టైల్' అనే మాట కనిపిస్తే అది ఆ కాలపు వస్తువు కాదు. 'ఏ/ఎఫ్' అంటే ఎలా దొరికిందో అలాగే, అంటే దెబ్బతిన్నది.

వెళ్లలేకపోతే రెండు రోజుల ముందే వస్తువు స్థితి చెప్పే కండిషన్ రిపోర్టు అడగండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘వయసుకు తగ్గట్టు ఉంది’ అంటారు. ‘అంచు మీద పెచ్చు ఉందా, అడుగున నెర్రె ఉందా, మరమ్మతు జరిగిందా?’ అని విడివిడిగా అడిగితేనే విడివిడిగా జవాబు వస్తుంది.

పాట వేగం గంటకు 80 నుంచి 120 లాట్లు. పదింటికి మొదలై గంటకు వంద చొప్పున సాగితే 450వ లాట్ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వస్తుంది, వేగం పెరగొచ్చు కాబట్టి ఒంటిగంటన్నరకే కుర్చీలో ఉండండి. హాలుకు రాలేక, చీటీ మీద ముందే మీ గరిష్ఠ పాట వేలందారుకు రాసిచ్చేటప్పుడు 500 లాంటి గుండు అంకె రాయొద్దు. హాల్లో ఎవరో 500 దగ్గరకు వస్తే మీ చీటీ అయిపోయినట్టే. 520 రాయండి, లేదా ‘ప్లస్ వన్’ అని, ఇంకో మెట్టు ఎక్కడానికి అనుమతి ఇవ్వండి. సమానమైన చీటీలుంటే ముందొచ్చినదానిదే గెలుపు. రిజర్వు (అమ్మకందారు ఒప్పుకునే కనీస ధర) చేరేదాకా అమ్మకందారు తరఫున వేలందారే పాడొచ్చని చాలా చోట్ల నిబంధనల్లోనే ఉంటుంది, కాబట్టి తొలి పాటల పోటీ చూసి కంగారు పడొద్దు. చైనా వస్తువులకు కొన్ని చోట్ల ముందే డిపాజిట్ అడుగుతారు. 2010లో లండన్ పశ్చిమ శివారులోని ఒక చిన్న వేలంశాలలో చైనా చక్రవర్తి చియన్‌లాంగ్ కాలపు కుండీకి 4.3 కోట్ల పౌండ్ల దగ్గర సుత్తి పడింది, పాడినాయన డబ్బు కట్టలేదు. అలాంటి పాటల భయం వల్లే ఈ పద్ధతి పెరిగింది.

అమ్మేవాళ్లకు మాత్రం ఈ చోటు అన్నిసార్లూ మంచిది కాదు. కమిషన్ ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. ఫోటో రుసుము, బీమా, అమ్ముడుపోకపోతే కట్టాల్సిన రుసుము ఒప్పందంలో విడిగా ఉంటాయి. ఎస్టిమేట్ (కేటలాగులో రాసే అంచనా ధర) ఎక్కువ పెట్టించుకోవడమే అందరూ చేసే పొరపాటు. పాడేవాళ్లు దగ్గరికే రారు, అమ్ముడుపోలేదన్న ఫలితం ఇంటర్నెట్‌లో మిగిలిపోతుంది, వెంటనే మళ్లీ పెడితే ఇంకా తక్కువకు పోతుంది. తక్కువ ఎస్టిమేట్, దానికి దిగువన గట్టి రిజర్వు అడగండి. మంచి పటమైతే సాధారణ వేలంలో కలిపేయకుండా, ప్రత్యేక చిత్రాల వేలం దాకా ఆపమనండి. దంతం, తాబేటి చిప్ప ఉన్న వస్తువులను దేశం దాటించాలంటే సైట్స్ (అంతరించిపోయే జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి కావాలి, చాలా చోట్ల లోపల అమ్మడానికీ ఆంక్షలున్నాయి. అప్పగించే ముందే చెప్పేయండి.

కొన్న సరుకు తీసుకెళ్లడానికి మామూలుగా రెండు నుంచి ఐదు రోజులు గడువు, ఆ తర్వాత రోజుకింత అద్దె పడుతుంది. అద్దం ఉన్న పటమైతే రవాణాకు ముందు అద్దం మీద టేపు ఇంటూ గుర్తులా అంటించమని అడగండి, పగిలినా ముక్కలు బొమ్మ మీద పడవు. పెద్ద బీరువా కొనబోతుంటే పైన అమర్చిన కిరీటం లాంటి అంచు విడిగా వస్తుందో లేదో వ్యూయింగ్ రోజే ఎత్తి చూడండి, మీ తలుపు వెడల్పు పాట హద్దు రాసుకున్న చీటీ వెనకే రాసుకుని వెళ్లండి.