ఆర్కేడ్ క్యాబినెట్‌కు ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా: ఏది మేలు?

నిలబడి ఆడే ఆర్కేడ్ క్యాబినెట్ (మానిటర్, జాయ్‌స్టిక్, బటన్లు ఉండే వీడియోగేమ్ పెట్టె) ఇంట్లోనే చేసుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది పలక సంగతి. షాపులో ప్లైవుడ్, ఎండీఎఫ్ (సన్నని చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక), పార్టికల్ బోర్డు (చెక్క తురుమును నొక్కి చేసిన పలక) మూడూ చూపిస్తారు. పార్టికల్ బోర్డును అక్కడే వదిలేయండి. స్క్రూ రెండుసార్లు విప్పి బిగిస్తే రంధ్రం పొడిపొడిగా రాలిపోతుంది, ఆ తర్వాత ఏ జిగురూ దాన్ని కాపాడదు.

18 మి.మీ. మందం, 8×4 అడుగుల ఎండీఎఫ్ షీటు దాదాపు 40 కిలోలు తూగుతుంది. అదే కొలత ప్లైవుడ్ చెక్క రకాన్ని బట్టి 30 నుంచి 35 కిలోలు ఉంటుంది. క్యాబినెట్ లోతు 23½ అంగుళాలు దాటకపోతే రెండు పక్క పలకలూ ఒకే షీటులో వస్తాయి, మిగతా భాగాలు రెండో షీటులో సర్దుకుంటాయి. సరిగ్గా 24 అంగుళాలు గీసుకుంటే మాత్రం రంపం తినే 3 మి.మీ. దగ్గర లెక్క తప్పుతుంది. అమెరికాలో గ్యారేజీలో చేసుకునేవారు బాల్టిక్ బర్చ్ అనే ప్లైవుడ్ వైపు చూస్తారు. మంచి చెక్కే, కానీ ఆ షీట్లు ఎక్కువగా 5×5 అడుగుల్లో వస్తాయి. ఐదున్నర అడుగుల పక్క పలక అందులో నిలువుగా పట్టదు.

బరువుంటే ఊగదని కొందరు ఎండీఎఫ్ తీసుకుంటారు. ఊగడాన్ని ఆపేది బరువు కాదు, వెనక పలక. కింది సగానికి 6 మి.మీ. పలకను జిగురు పూసి స్క్రూలతో బిగించి, పై సగం తలుపుగా వదిలితే ఏ చెక్కతో చేసినా పెట్టె నిటారుగా నిలుస్తుంది.

రెండింటికీ అసలు తేడా అంచుల్లో ఉంది. ఎండీఎఫ్ అంచులో నేరుగా స్క్రూ దించితే పలక రెండుగా విచ్చుకుంటుంది. అందుకే లోపలి మూలల్లో 25×25 మి.మీ. రీపర్లు అతికించి, వాటిలోంచి 35 మి.మీ. స్క్రూలు పలకలోకి దించాలి. 10 మి.మీ. లోపలికి దిగుతుంది, బయటికి పొడుచుకురాదు. ముందు 2.5 మి.మీ. డ్రిల్లుతో దారి చేయడం తప్పనిసరి. ప్లైవుడ్‌కూ ఇదే పద్ధతి మంచిది, కాకపోతే అది చిన్నచిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది.

అంచుకు కొట్టే టీ-మోల్డింగ్ (టీ ఆకారపు ప్లాస్టిక్ పట్టీ, దాని కాడ పలక అంచులోని గాడిలో దిగుతుంది) విషయంలో గెలుపు ఎండీఎఫ్‌దే. రూటర్‌ (చెక్కలో గాడులు తీసే మిషన్)తో 1.6 మి.మీ. గాడి తీస్తే చివరిదాకా ఒకేలా వస్తుంది. చవక ప్లైవుడ్‌లో పొరల మధ్య ఖాళీలుంటాయి, గాడి వాటి మీదుగా పోయినచోట మోల్డింగ్ పట్టు వదిలేస్తుంది. ఇంకో చిక్కు: దొరికే మోల్డింగ్ ఎక్కువగా 19 మి.మీ., మన పలక 18. ఒక వైపు 1 మి.మీ. సన్మైకా అతికిస్తే లెక్క సరిపోతుంది. రెండు వైపులా అతికిస్తే పలకే మోల్డింగ్‌ను దాటుతుంది. సన్మైకా అంటించాకే గాడి తీయండి, అప్పుడే అది నడిమధ్యన పడుతుంది.

రంగు వేసేవారికి ఎండీఎఫ్ ముఖం అద్దంలా వస్తుంది, కానీ అంచులు ప్రైమర్‌ను తాగుతూనే ఉంటాయి. నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు పూసి, ఆరాక 240 నంబరు ఎమ్రీ పేపర్‌తో రుద్దాలి. ఆ పొడి చాలా సన్నం, మాస్కు లేకుండా కోయకండి. ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు గానీ జిగ్‌సా (సన్న బ్లేడు కరెంటు రంపం) పైముఖాన్ని పెచ్చులుగా లేపుతుంది. మంచి ముఖాన్ని కింద పెట్టి కోయండి.

ఇక తడి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో ఎండీఎఫ్ అడుగు నేలను తాకితే చెంబెడు నీళ్లక్కర్లేదు, ఆ చెమ్మ చాలు ఉబ్బడానికి. ఒకసారి ఉబ్బిన అంచు మళ్లీ దిగదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలోని తేమ కూడా తోడవుతుంది. అక్కడ బీడబ్ల్యూఆర్ రకం (మరిగే నీటిని తట్టుకునే జిగురుతో చేసిన) ప్లైవుడ్ తీసుకోండి. హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్ పలక (తేమను తట్టుకునేలా ఇంకా గట్టిగా నొక్కిన చెక్కపీచు పలక) ఎండీఎఫ్ కన్నా తేమను బాగా తట్టుకుంటుంది, బరువు మాత్రం ఇంకా ఎక్కువ. చెక్క ఏదైనా కింద ఒక అంగుళం ఎత్తు రబ్బరు కాళ్లు బిగించండి.

కంట్రోల్ ప్యానెల్‌కు మాత్రం ప్లైవుడ్డే. 24 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ బరువు నాలుగైదు కిలోలే, పెట్టె మీద అసలు భారం ఆడేవాళ్ల చేతులది. 18 మి.మీ. పలక కింద జాయ్‌స్టిక్ బిగిస్తే కర్ర పొట్టిగా తేలుతుంది. అందుకని అడుగు నుంచి గుంట తవ్వి 6 మి.మీ. మిగల్చాలి. అంత పల్చనైతే ఎండీఎఫ్ విరుగుతుంది, ప్లైవుడ్ పొరలు నిలబడతాయి. 30 మి.మీ. క్లిప్పు బటన్లు పల్చని రేకు ప్యానెళ్ల కోసం చేసినవి, మందపు చెక్కలో వాటి క్లిప్పు పట్టదు. పొడవాటి మెడ ఉండి నట్టుతో బిగిసే రకం కొనండి, వాటికి రంధ్రం 28 నుంచి 29 మి.మీ. చాలు.

మానిటర్ చుట్టూ వచ్చే నల్లటి ఫ్రేము, స్పీకర్ పలక ఎండీఎఫ్‌తో చేయండి. వాటిని ఎవరూ లాగరు, తడి తగలదు, రంగు నున్నగా కుదురుతుంది.